ముందే బయలుదేరిన టికెట్లు

జోతిలక్ష్మి ఇత్తడి తపేలా కొన్నదని పేచ్చియమ్మాళ్ చెప్పిందట. పేచ్చియమ్మాళ్ కూతుర్ని విరుదునగర్‌లో జోతిలక్ష్మి ఉండే వీధిలోనే ఇచ్చారు. కూతురింట్లో రెండు రోజులుండి ఊరికి తిరిగొచ్చిన పేచ్చియమ్మాళ్ ఆ మాటను కృష్ణమ్మాళ్ చెవిన వేసింది. కృష్ణమ్మాళ్ దాన్ని ఒక రాత్రంతా కడుపులో దాచుకుని, తెల్లారగానే పిట్టగోడ మీదుగా పక్కింటి బొమ్మక్కకు అందించింది. రాత్రంతా దాచినందుకు అది కాస్త పెరిగింది కూడా.

"ఉత్త తపేలా కాదంట వదినా. దాని మీద పేరు కూడా కొట్టించిందంట."

"ఎవరి పేరు?"

"అది పేచ్చియమ్మాళ్ చూడలేదంట."

"చూడకుండా ఎట్ల వచ్చింది? కండ్లు ఆడనే పెట్టి మరిచి వచ్చిందా?" అన్నది బొమ్మక్క, చేతిలోని చీపురు కిందపడేసి.

తపేలా ఒకటి కొంటే ఇంత గొడవేమిటని తెలియనివాళ్ళు అనుకోవచ్చు. బొమ్మక్క తమ్ముడు రామకృష్ణన్ విరుదునగర్‌లో పప్పుల మండీలో లెక్కలు రాస్తూ, ఇరవై ఏళ్ళు అద్దె ఇళ్ళలో ఉండి, చివరికి సొంతిల్లు కట్టాడు. బుధవారం గృహప్రవేశం. కోవిల్పట్టి చుట్టూ నల్లరేగడి పల్లెల్లో సేద్యం చేసుకునే ఈ తెలుగు కుటుంబాలు గడప దాటితే తమిళం, గడప లోపల తెలుగు మాట్లాడతాయి. గడప లోపల పద్ధతులు కూడా పాతవే. కొత్తింట్లో మొదటి పొయ్యి మీద పాలు పొంగించవలసింది ఇంటాయన తోబుట్టువు. అందులోనూ పెద్దది. బొమ్మక్క పెద్దది, జోతిలక్ష్మి రెండోది, రామకృష్ణన్ చివరివాడు. అందులో తకరారేమీ లేదు.

తకరారు వేరే ఉంది. రెండేళ్ళ కిందట రామకృష్ణన్ కొడుక్కి చెవులు కుట్టిన రోజున, చందనం పళ్ళెం బొమ్మక్క దగ్గరికి రాకముందే జోతిలక్ష్మి దగ్గరికి వెళ్ళింది. పళ్ళెం పట్టుకున్న పిల్ల ఎడమవైపు నుంచి మొదలుపెట్టింది, జోతిలక్ష్మి ఎడమవైపు కూర్చుంది, అంతే జరిగింది. కానీ బొమ్మక్క ఆ రోజు నుంచి చెల్లెలితో మాట్లాడలేదు. మొన్న తమ్ముడు పత్రిక, పసుపు కుంకుమ తెచ్చి పిలిస్తే "చూస్తాం లే" అన్నది. ఆ ఇంట్లో "చూస్తాం లే" అంటే రాబోమని అర్థం. ఆ సంగతి తమ్ముడికీ తెలుసు కాబట్టి కాఫీ సగంలో వదిలేసి వెళ్ళాడు.

ఇప్పుడీ తపేలా వచ్చి పడింది. అక్క రాకపోతే చెల్లెలు పాలు పొంగించడం న్యాయమే. కానీ అక్క రాదని తేలకముందే తపేలా కొనడమేమిటి? దాని మీద పేరేమిటి? తన పేరే కొట్టించుకుందా? తమ్ముడి పేరా? పెద్దదా, చిన్నదా? బొమ్మక్కకు ఆ రోజు అన్నం దిగలేదు. కోపం కంటే, తెలుసుకోవాలనే దురద ఎక్కువగా ఉంది. గేదెకు కుడితి పెడుతూ అదే, పత్తి కట్టె విరుస్తూ అదే. సాయంత్రానికి మొగుడి ముందు నిలబడింది.

"ఇదో, మిమ్మల్నే. బుధవారం విరుదునగర్ పోతాం మనం."

నాగరాజన్ తక్కువ మాట్లాడే మనిషి. చెనిక్కాయలు ఒలుస్తూ తలెత్తాడు. "మొన్న పోనంటివే?"

"మొన్న తపేలా లేదు గదా."

మంగళవారం కోవిల్పట్టి పాత్రల అంగడికి పోయి, చెల్లెలిది ఎంత ఉన్నా దానికంటే పెద్దదిగా ఉండేట్టు ఒక ఇత్తడి తపేలా కొనింది. "బొమ్మక్క" అని దాని నడుము మీద కొట్టించింది. అక్షరాలు ఇంకాస్త లావుగా కొట్టమని అంగడివాడితో వాదించింది కూడా. అక్కడితో సగం పని అయింది. మిగిలింది బయలుదేరే వేళ.

బుధవారం పాలు పొంగించే ముహూర్తం తొమ్మిదింపావు నుంచి పదింపావు. కోవిల్పట్టి నుంచి విరుదునగర్‌కు ఎక్స్‌ప్రెస్ ముప్పావుగంటలో పోతుంది. తొమ్మిదికి ముందు కోవిల్పట్టి వదిలే బండి ఎక్కితే సరిపోతుంది. కానీ కోడలు కార్తిక గోడ మీది క్యాలెండరు చూసి తల గోక్కుంది.

"అత్తా, బుధవారం యేడున్నర నుంచి తొమ్మిది దాకా యమగండం."

"తెలుసు."

"అప్పుడు తెల్లారి ప్యాసింజర్‌కు పొయ్యేది. ఆరు గంటలకే ఎక్కేస్తే యమగండం మనల్ని పట్టదు."

"బుధవారం ఏమి రోజు?"

కార్తిక నాలుక కరుచుకుంది. బుధవారం కుళాయి రోజు. ఊళ్ళో వారానికి ఒక్కసారి నీళ్ళు వదులుతారు, అది బుధవారం పొద్దున్నే. ఆ రోజు బిందెలు నింపుకోని ఇల్లు ఆ వారమంతా పక్కింటివాళ్ళ మొహం చూస్తూ గడపాలి. దేవుడే దిగివచ్చినా కుళాయి కట్టే దాకా వాకిట్లో నిలబెట్టవలసిన రోజు అది.

"బస్సుకు పోతే?"

"బస్సెక్కితే నా కడుపు సంగతి నీకు తెలీదా?"

కార్తిక కోవిల్పట్టిలో బీకాం చదివింది, ఇప్పుడు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తోంది. ఏ చిక్కు వచ్చినా దాని మందు ఫోనులో ఉంటుందని నమ్మే పిల్ల. అత్తకు మాత్రం ఈసారి ఫోను అక్కరలేకపోయింది. వాళ్ళ అమ్మమ్మ చేసిన పద్ధతి ఒకటి ఉండనే ఉంది. మంచి వేళకు మనిషి కదలలేకపోతే, మనిషి వస్తువును ముందుగా కదిలిస్తారు. సంచో, చీరో, గొడుగో మంచి వేళకు గడప దాటించి ఇంకొకరింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే. తరవాత మనిషి ఏ వేళకు పోయినా దోషం అంటదు. ప్రస్థానం పెట్టడం అంటారు దాన్ని.

"తెల్లారి మీరు మోపెడ్ ఎక్కి స్టేషన్‌కు పోండి," అని బొమ్మక్క మొగుడికి చెప్పింది. "మన ముగ్గురికీ టికెట్ కొనండి. టికెట్లు తపేలాలో వేసి, పసుపు గుడ్డ కప్పి, మన పాండీశ్వరన్ కొట్లో దేవుడి పటం ముందర పెట్టేసి రండి. పయనం మొదలైపోతుంది. మనం నీళ్ళు పట్టుకుని నిదానంగా వెనకనే పోతాం."

"టికెట్ ఫోనులోనే కొనచ్చు అత్తా, ఎక్కే ముందర," అన్నది కార్తిక.

"ఫోనులో కొన్నది తపేలాలో ఎట్ల వేసేదే?"

కార్తిక ఫోను పక్కన పెట్టి పసుపు గుడ్డ వెతకడానికి లేచింది.

బుధవారం అంతా అనుకున్నట్టే మొదలైంది. నాగరాజన్ చీకటితోనే పోయి, కౌంటర్‌లో ఎవరూ లేని సమయంలో విరుదునగర్‌కు మూడు టికెట్లు అడిగాడు. ఆ వేళకు వచ్చే బండి ప్యాసింజర్ కాబట్టి కౌంటర్ ఆయన ప్యాసింజర్ టికెట్లే ఇచ్చాడు. అవే చౌక అని నాగరాజన్ కూడా సంతోషించాడు. స్టేషన్ బయట చెనిక్కాయ పప్పు, బెల్లంతో చేసే కడలమిఠాయి అమ్మే పాండీశ్వరన్ వరసకు మేనల్లుడు. తపేలాను పటం ముందర పెట్టి, టికెట్లకు కర్పూరం కూడా చూపించాడు. రైలు టికెట్లకు హారతి ఇవ్వడం అతనికి అదే మొదటిసారి.

కుళాయి మాత్రం ఆలస్యంగా వచ్చింది. చివరి బిందె నిండేసరికి ఎనిమిది దాటింది. చీరలు మార్చుకుని, ఆటో పట్టుకుని, స్టేషన్‌కు చేరేసరికి ఎక్స్‌ప్రెస్, ఎప్పుడూ పావుగంట ఆలస్యంగా వచ్చే బండి, ఆ రోజు సరైన వేళకే వస్తూ దూరంగా కూత వేసింది.

"పోండి, పోండి, ఎత్తుకుని రాండి!" అని బొమ్మక్క మొగుణ్ణి కొట్టు వైపు తరిమింది. నాగరాజన్ పంచె ఎగగట్టి పరిగెత్తాడు. బండి కదిలే ముందు తిరిగొచ్చాడు. ఒక చేతిలో మూడు టికెట్లు, ఇంకో చేతిలో పాండీశ్వరన్ బలవంతంగా పెట్టిన కడలమిఠాయి పొట్లం పైకెత్తి పట్టుకుని, రొప్పుతూ పెట్టె ఎక్కాడు. చోటు దొరికింది. బొమ్మక్క కిటికీ పక్కన సర్దుకుని కొంగుతో మెడ తుడుచుకుంది.

"యమగండంలో ఎక్కినాం అత్తా," అన్నది కార్తిక చిన్నగా.

"మనం ఎక్కడ ఎక్కినాం? తెల్లారే బయలుదేరినాం. ఇది నడుమ దోవ."

సరిగ్గా అప్పుడే టీటీఆర్ వచ్చాడు. నల్ల కోటు, ముక్కు చివర కళ్ళద్దాలు, చేతిలో చిన్న యంత్రం. నాగరాజన్ ఇచ్చిన టికెట్లను ఎండకు పట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. వాటికి కర్పూరం వాసన ఎందుకు వస్తోందో అర్థంకాక ముక్కు దగ్గర పెట్టుకుని కూడా చూశాడు.

"ఈ టికెట్లు చెల్లవమ్మా," అన్నాడు తమిళంలో.

"ఏంటికి చెల్లవు? నలగలే, చినగలే," అని బొమ్మక్క తన తమిళంలో అడిగింది.

"ఇవి ప్యాసింజర్ టికెట్లు. ఇది ఎక్స్‌ప్రెస్. అదొకటి. దగ్గరూళ్ళ టికెట్ కొంటే మూడు గంటల లోపల ప్రయాణం మొదలుపెట్టాలి. లేదా ఆ తరవాత వచ్చే మొదటి బండికి. ఇవి ఎప్పుడో తెల్లారి కొన్నవి. ఆ బండీ పోయింది, మూడు గంటలూ పోయాయి."

"మొదలుపెట్టాల, అంతే గదా?"

"అంతే."

"తెల్లారే మొదలుపెట్టినాం."

"ఎక్కడ?"

"పాండీశ్వరన్ కొట్లో."

టీటీఆర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అతని ఉద్యోగంలో టికెట్ కుక్క తినేసిందన్నవాళ్ళున్నారు, కిటికీలోంచి ఎగిరిపోయిందన్నవాళ్ళున్నారు. కొట్లో ప్రయాణం మొదలుపెట్టినవాళ్ళు లేరు. బొమ్మక్క అతనికి ప్రస్థానం అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పింది. అమ్మమ్మ గొడుగు దగ్గర ఎత్తుకుని, తపేలా దగ్గర దించింది. ఎదురు బెంచీవాళ్ళు ముందుకు వంగారు. పై బెర్తు మీద పడుకున్నాయన తల కిందికి వేలాడేశాడు.

"అంటే టికెట్లు ముందు బయలుదేరాయి, మీరు తరవాత," అన్నాడు టీటీఆర్ నెమ్మదిగా.

"అదే నేను చెప్పేది."

"టికెట్ బయలుదేరితే చాలదమ్మా. మీరూ బయలుదేరాలి. మీ దగ్గర టికెట్ లేనట్టే లెక్క. ఛార్జీ, దాని మీద ఫైను కట్టాలి. కొత్త టికెట్ ఇప్పుడే కొట్టి ఇస్తాను."

నాగరాజన్ జేబులో చెయ్యి పెట్టాడు. బొమ్మక్క ఆ చేతిని పట్టుకుంది. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండేట్టు, తెలుగులోకి దిగింది.

"ఆగండి. డబ్బు పోతే పోనీ. ఆయన ఇప్పుడు కొత్త టికెట్ కొట్టినాడంటే అర్తమేమి? పాతది చెల్లదు, మన పయనం ఇప్పుడే మొదలైందని. ఇప్పుడేమి వేళ? యమగండం. యమగండాన్ని తీసుకపొయ్యి తమ్ముడి కొత్త పొయ్యి మీద పెట్టేదా నేను? రేపు ఆ ఇంట్లో పిల్లోడికి జలుబు చేసినా జోతి నా పేరే చెబుతుంది." కోడలి వైపు తిరిగింది. "గంటెంతే?"

"తొమ్మిదికి పది నిమిషాలు ఉండాది."

"ఆ పది నిమిషాలు ఆయన మిషన్ మీద చెయ్యి పెట్టకూడదు. ఏమన్నా మాట్లాడండి ఆయనతో."

"నేనా?" అన్నాడు నాగరాజన్. తన పెళ్ళిలో కూడా వరసగా పది నిమిషాలు మాట్లాడని మనిషి.

"నేను మాట్లాడతా అక్కా," అని వెనక బెంచీ నుంచి తెలుగులో ఒక గొంతు వినిపించింది. తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన. "మాది ఎట్టయాపురం పక్కన. మాదీ ఇదే బాస." అతని పక్కనున్న ఆడమనిషి కూడా తల ఊపింది. ఆవిడ ఒళ్ళోని పిల్ల కూడా నవ్వింది. బొమ్మక్క రహస్యం అప్పటికే సగం పెట్టెకు తెలిసిపోయింది. మిగతా సగానికి పక్కవాళ్ళు తమిళంలో చెప్పేశారు.

ముసలాయన గొంతు సవరించుకుని తమిళంలో మొదలుపెట్టాడు. "సార్, ఒక సందేహం. మూడు గంటల లోపల ఎక్కినాననుకోండి. నడుమ దోవలో బండి నిలిచిపోయి నాలుగో గంట వచ్చింది. అప్పుడు నా టికెట్ చెల్లేదా, చెల్లనిదా?"

టీటీఆర్ మొహం మారింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతన్ని తిట్టినవాళ్ళున్నారు, బతిమాలినవాళ్ళున్నారు, బాత్‌రూములో దాక్కున్నవాళ్ళున్నారు. రూలు అడిగి తెలుసుకున్నవాడు ఒక్కడూ లేడు. పరీక్షకు చదివి తలలో దాచుకున్న రూళ్ళన్నీ అక్కడే పాతబడుతున్నాయి.

"మంచి ప్రశ్న," అన్నాడు, యంత్రాన్ని చంకలో పెట్టుకుని. "ఎక్కిన తరవాత ఆలస్యం రైల్వేది. మీ టికెట్‌కు ఏమీ కాదు."

"నిద్రపొయ్యి ఊరు దాటిపోతే?" అని పిల్లతల్లి అడిగింది.

"దాటిన దూరానికి కట్టాలి."

"మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుంటే?" అని పై బెర్తు అడిగింది.

"మేకపిల్లకు వేరే రూలు ఉంది," అని టీటీఆర్ బెంచీ అంచున కూర్చున్నాడు.

పెట్టెలో ఎవరికీ ఇక వేరే పని లేకపోయింది. ఒకరు సైకిల్ గురించి, ఒకరు పనసపండు గురించి, ఒకరు తమ బావమరిది ఎప్పుడో కట్టిన ఫైను గురించి అడిగారు. మొదట బొమ్మక్క కోసం అడిగినవాళ్ళు తరవాత నిజంగానే తెలుసుకోవాలని అడగసాగారు. బొమ్మక్క కూడా యమగండం మరిచి, మేకపిల్లకు టికెట్ ఎట్లా కొంటారో విన్నది.

కార్తిక మోచేత్తో పొడిచింది. "అత్తా, తొమ్మిది దాటింది."

"సార్, సార్! కొట్టండి ఇప్పుడు, టికెట్ కొట్టండి!"

"ఉండమ్మా," అన్నాడు టీటీఆర్ చెయ్యెత్తి. ఊపు మీదున్నాడు. "అసలైన రూలు ఇప్పుడే వస్తోంది. టికెట్ లేకుండా దొరికినవాళ్ళకు ఛార్జీ ఎక్కడి నుంచి వేయాలి? వాళ్ళు ఎక్కామని చెప్పిన ఊరి నుంచా? కాదు. బండి మొదట బయలుదేరిన ఊరి నుంచి." ఆ మాట అంటుండగానే అతనికీ గుర్తొచ్చింది. యంత్రం చేతిలోకి తీసుకున్నాడు. "అంటే మీది తిరునల్వేలి నుంచి రాయాలి. మరిచేపోయాను."

పై బెర్తు ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు.

"మేము తిరునల్వేలి మొహమే చూడలే!" అన్నది బొమ్మక్క.

"కాగితం మీద అట్లే వస్తుంది."

"ఈ బండి తిరునల్వేలి ఎప్పుడు వదిలింది?"

కార్తిక ఫోనులో చూసింది. "యేడూ నలభై అత్తా."

నడి యమగండం. పది నిమిషాలు మేకపిల్లలతో, పనసపండ్లతో పోరాడి తప్పించుకున్నది, వెనక్కి తిరిగి అసలు మొదటికే పోయింది. పైగా వాళ్ళు పోని ఊరి నుంచి. ముసలాయన తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. రూళ్ళు అడిగినందుకు అతనికి సిగ్గుగా ఉంది.

"మేమంతా చూసినాం సార్, వీళ్ళు కోవిల్పట్టిలో ఎక్కినారు," అన్నది పిల్లతల్లి.

"సాక్ష్యం కావాలమ్మా."

నాగరాజన్ కడలమిఠాయి పొట్లం చూపించాడు. దాని మీద కోవిల్పట్టి అని ఎర్రగా అచ్చువేసి ఉంది. టీటీఆర్ తల అడ్డంగా ఊపాడు. "ఇది తిరునల్వేలి స్టేషన్లోనూ అమ్ముతారు."

బొమ్మక్క అతని చేతిలోని పాత టికెట్లను చూసింది. ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. సంతలో గేదె పళ్ళు చూసి వయసు చెప్పేటప్పుడు అవి అట్లాగే అవుతాయి.

"సార్, ఆ చెల్లని టికెట్ మీద ఏమి రాసుండాది?"

"కోవిల్పట్టి నుంచి విరుదునగర్."

"తేదీ?"

"ఈ రోజుదే."

"ఈ రోజు తెల్లారి కోవిల్పట్టిలో టికెట్ కొన్న మనిషి, తిరునల్వేలికి పరిగెత్తి పొయ్యి, మీ బండి ఎక్కి, మళ్ళీ కోవిల్పట్టి మీదుగా వస్తుందా? పయనానికి చెల్లకపోతే పోనీ, సాక్ష్యానికి కూడా చెల్లదా అది?"

టీటీఆర్ ఆలోచించాడు. తలలో రూళ్ళన్నీ తిరగేశాడు. పెట్టెలో అందరూ అతని నుదుటి వైపే చూస్తున్నారు. చివరికి యంత్రం మీద వేళ్ళు కదిలాయి. "కోవిల్పట్టి అనే రాస్తున్నాను," అన్నాడు. పై బెర్తు చప్పట్లు కొట్టింది. కాగితం చుర్రుమని బయటికొచ్చింది. నాగరాజన్ డబ్బు తీసిచ్చాడు. ఆ డబ్బుకు ఇంకో తపేలా వచ్చేదని అతని మొహం చెప్పింది, నోరు చెప్పలేదు.

బొమ్మక్క కొత్త కాగితాన్ని, పాత టికెట్లను కలిపి కొంగున ముడేసుకుంది. తెల్లారి ఒక మంచి వేళ, తొమ్మిది దాటాక ఒక మంచి వేళ. ఒక్క ప్రయాణానికి రెండు మంచి వేళలు ఎవరికి దొరుకుతాయి?

టీటీఆర్ పోయినట్టే పోయి, సాత్తూరు దాటాక తిరిగొచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు. "అమ్మా, మా పాపకు శుక్రవారం పదిన్నరకు పరీక్ష. సరిగ్గా రాహుకాలం. మీరు చెప్పినట్టు... హాల్‌టికెట్ పొద్దున్నే పక్కింట్లో పెడితే..."

"హాల్‌టికెట్ వద్దు సార్. పెన్ను పెట్టండి," అన్నది బొమ్మక్క. "టికెట్లు పెడితే ఏమవుతుందో చూసినారు గదా."

విరుదునగర్‌లో దిగి ఆటో పట్టుకుని తమ్ముడి ఇంటికి చేరేసరికి ముహూర్తంలో ఇంకా సగం మిగిలి ఉంది. వాకిట్లో అరటి గెలలు, లోపల హోమం పొగ. రామకృష్ణన్ అక్కను చూసి, చేతిలోని పూలపళ్ళెం పక్కవాడికిచ్చి ఎదురొచ్చాడు. "అక్కా! వచ్చినావా!"

"వచ్చినా. నీకేమి సందేహం?" అని బొమ్మక్క అతన్ని దాటి నేరుగా వంటింట్లోకి పోయింది. అక్కడ జోతిలక్ష్మి కొత్త పొయ్యి పక్కన నిలబడి ఉంది. రెండేళ్ళ తరవాత అక్కాచెల్లెళ్ళు ఎదురెదురు పడ్డారు.

"నీ తపేలా తియ్యి. నాది తెచ్చినా," అన్నది బొమ్మక్క. రెండేళ్ళ తరవాత అదే మొదటి మాట.

"ఏం తపేలా?" అన్నది జోతిలక్ష్మి.

పొయ్యి ఖాళీగా ఉంది. బొమ్మక్క అలమర చూసింది, మూల చూసింది. "సరి, దాచుకుంటే దాచుకో. ఇదో, నా తపేలా ఇట్ల ఇవ్వండి," అని వెనక్కి చెయ్యి చాచింది.

ఆ చేతిలో కడలమిఠాయి పొట్లం పడింది.

నాగరాజన్ పొట్లం ఇచ్చి, ఇచ్చిన తన చేతిని తానే చూసుకున్నాడు. టికెట్లు తపేలాలో ఉన్నాయి. టికెట్లు తీసుకున్నాడు. బండి కూత వేసింది. తపేలా పసుపు గుడ్డ కప్పుకుని, పాండీశ్వరన్ కొట్లో దేవుడి ముందర, పొద్దున్నే ప్రయాణం మొదలుపెట్టి, ఇంకా అక్కడే కూర్చుంది.

"పాత్ర ఏదమ్మా? వేళ పోతోంది," అని పురోహితుడు గుమ్మంలోంచి తొందర పెట్టాడు. "వాడనిది కావాలి, గుర్తుంచుకోండి."

వంటవాళ్ళ గుండిగలన్నీ ఊరందరికీ వండిపెట్టినవి. రామకృష్ణన్ భార్య పాతింటి గిన్నెలు తెచ్చింది, పురోహితుడు తల అడ్డంగా ఊపాడు. పాత్రల అంగడికి మనిషిని పంపుదామంటే వేళ లేదు. కార్తిక చుట్టూ చూసి, బహుమానాలు పెట్టిన మూల నుంచి ఒక అట్టపెట్టె ఈడ్చుకొచ్చింది. మండీవాళ్ళు ఇచ్చిన ప్రెషర్ కుక్కరు. రిబ్బను కూడా విప్పలేదు.

"మూత పెట్టకుండా కాస్తే అదీ తపేలానే అత్తా," అన్నది.

కుక్కరుకు ఒకవైపు పొడుగు పిడి, ఒకవైపు పొట్టి పిడి. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు కలిసి పొయ్యి మీదికి ఎత్తారు. పొడుగు పిడి వైపు ఎవరు పట్టాలనే మాట వస్తుందేమోనని రామకృష్ణన్ ఊపిరి బిగబట్టాడు. జోతిలక్ష్మి తనంతట తానే పొట్టి పిడి వైపుకు జరిగింది. పాలు కుక్కరులో కూడా పాల లాగానే పొంగాయి. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ మంగళంగా కులవలు వేశారు. చందనం పళ్ళెం పట్టుకున్న పిల్ల ఈసారి ఎవరో చెప్పిపెట్టినట్టు బొమ్మక్క దగ్గరికే ముందు వచ్చింది.

భోజనాల పంక్తిలో అక్క పక్కన చెల్లెలు కూర్చుంది. కార్తిక రైలు కథ చెప్పింది, ఆకుల ముందు కూర్చున్నవాళ్ళు వడలు పక్కన పెట్టి మరీ నవ్వారు. బొమ్మక్క కూడా నవ్వింది. కానీ కేసరి వడ్డించే వేళకు ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"నిజం చెప్పవే. ఆ తపేలా యాడ పెట్టినావు? దాని మీద ఎవరి పేరు కొట్టించినావు?"

"తపేలా లేదక్కా. నేను కొననే లేదు."

"పేచ్చియమ్మాళ్ చెప్పిందే!"

"పేచ్చియమ్మాళ్‌కు చెప్పింది నేనే. ఆమెకు చెబితే కృష్ణమ్మాళ్‌కు పోతుంది. కృష్ణమ్మాళ్‌కు పోతే ఒక రాత్రి ఆగి నీకొస్తుంది. పేరు సంగతి మాత్రం నాకు తెలీదు. అది దోవలో కలిసుంటుంది."

నాగరాజన్ ముద్ద చేతిలో ఆపి భార్య మొహం వైపు చూశాడు. కుళాయి, ఆటో, కర్పూరం, ఫైను, పాండీశ్వరన్ కొట్లో కూర్చున్న తపేలా, అన్నీ ఆవిడ మొహంలో ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

"ఇంత అబద్దం ఏంటికే?" అన్నది బొమ్మక్క.

పంక్తి మొత్తం చెయ్యి ఆపింది. జోతిలక్ష్మి అక్క ఆకులో ఇంకొంచెం కేసరి వేసింది.

"తమ్ముడు పసుపు కుంకుమ తెచ్చి పిలిస్తే వచ్చినావా? నేను తపేలా కొన్నానంటేనే వచ్చినావు."